ఒక్క లోపమూ లేని గొట్టాలు

మా నాన్న నాకు పై అధికారి కావడానికి ఒకే ఒక్క మాట కారణం. ఆ మాట "కాల్పు".

మా ల్యాబ్‌కి కొత్తగా పెద్ద ఫర్నేస్ వచ్చింది. రెండు వేల డిగ్రీలు దాటి వేడెక్కే యంత్రం. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కోసం డైరెక్టర్‌గారు స్వయంగా ప్రకటన రాశారు. సామాన్యుడికి అర్థం కాని మాట ఒక్కటీ ఉండకూడదని ఆయన పంతం. అందుకని "అధిక వేడిమి దగ్గర కాల్పు పనిలో దీర్ఘకాల అనుభవం ఉన్నవారు రావచ్చు" అని రాసి పేపరుకి పంపేశారు.

ఇంటర్వ్యూ రోజున వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో మొదటాయన రిటైరైన పోలీసు. కాల్పుల్లో తనకి పతకం వచ్చిందనీ, మండుటెండలో కూడా గురి తప్పలేదనీ చెప్పాడు. ఆ పక్కాయన శ్మశానం ఉద్యోగి. తన చేతి మీదుగా వెళ్ళినవాళ్ళెవరూ ఇంతవరకూ తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యలేదన్నాడు. బెంచీ చివర ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను ఎప్పుడూ ఎరగనట్టు మొహం పెట్టుకుని కూర్చున్నది మా నాన్న.

నాన్న నేను పుట్టకముందు నుంచీ ఇటుక బట్టీలో కాల్పు చూసేవాడు. పచ్చి ఇటుకలు పేర్చాక మంట ఎప్పుడు పెంచాలి, గాలి కంత ఎంత తెరవాలి అన్నది ఆయన చెప్పినట్టే నడిచేది. ఆ బట్టీ మూతపడింది. పనిలేక ఇంట్లో ఉండిపోయి, అమ్మ పొయ్యి ముందు నిలబడి మంట గురించి సలహాలివ్వడం మొదలుపెట్టాడు. ప్రకటన చూసి ఆయన్ని పంపింది అమ్మే. ఉద్యోగం రాకపోయినా ఒక పూటైనా వంటింట్లో ఉండడు కదా అని ఆమె ఆశ.

ఉద్యోగం వచ్చింది. మా ల్యాబ్‌లో హోదా అనుభవాన్ని బట్టి ఇస్తారు, అనుభవాన్ని ఏళ్ళని బట్టి కొలుస్తారు. ఆ ఏళ్ళు ఏ పనిలో గడిచాయన్నది ఎవరూ అడగరు. నేను పుట్టకముందు నుంచీ కాలుస్తున్న మనిషి కాబట్టి నాన్న సీనియర్ ఫర్నేస్ అధికారి అయ్యాడు. అప్పటికే అక్కడ తాత్కాలిక సహాయకురాలిగా ఉన్న నేను ఆయన కిందికి వచ్చాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా ఇంట్లో అధికారి అయిన మొదటి మనిషి నాన్న. ఇద్దరం ఒకే టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఒకే బస్సు దిగేవాళ్ళం.

ఆఫీసులో చుట్టరికాలు పనికిరావని డైరెక్టర్‌గారు ముందే చెప్పేశారు. దాంతో గేటు దాటేదాకా నేను నాన్నని "నువ్వు" అనేదాన్ని, దాటాక "మీరు", "ఆఫీసర్‌గారు". నాన్న నాకంటే నిష్ఠగా పాటించేవాడు. గేటు బయట "ఆ చున్నీ సరిచేసుకోవే" అన్నవాడే, గేటు లోపల "మేడమ్, తాళం చెవులు ఇలా ఇప్పిస్తారా" అనేవాడు. ఒకసారి పరధ్యానంలో ఇంటి దగ్గర కూడా అమ్మని మేడమ్ అని పిలిచాడు. అమ్మ ఆ పూటంతా ఏ పనీ చెయ్యలేదు.

అయితే ఇద్దరి బతుకూ ఒక సీసా మీద ఆధారపడి ఉంది. ఒక బ్యాటరీల కంపెనీ మాకు నల్లటి పొడి పంపింది. దాన్ని మా ఫర్నేస్‌లో వేడిచేసి బాగుచేసి చూపిస్తే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. పని వస్తే నా ఉద్యోగం పర్మినెంటు. రాకపోతే ఫర్నేస్ వెనక్కి వెళ్ళిపోతుంది, దానితోపాటు దాన్ని నమ్ముకున్న మేమిద్దరం కూడా. ఇద్దరూ ఒకే చోట చేరడం బాగానే ఉందిగానీ, ఊడితే ఒకే రోజు ఊడుతుందేమోనని అమ్మ అప్పుడే అంది.

ఇక ఆ పొడి సంగతి. బొగ్గులో ఉండే కార్బనే ఒక్క పరమాణువు మందాన చాపలా అల్లుకుని, ఆ చాప చుట్టుకుని గొట్టమైతే దాన్ని నానో గొట్టం అంటారు. తల వెంట్రుకని నిలువునా వేల పోగులుగా చీల్చగలిగితే ఒక పోగు ఎంతుంటుందో అంత సన్నం. విడిగా కంటికి ఆనవు. సీసాలో గిన్నె అడుగున పట్టిన మసిలా ఉంటాయి. వాటిని ఇనుప రేణువుల మీద పెంచుతారు కాబట్టి మొదళ్ళలో ఇనుము అంటుకునే ఉంటుంది. హడావిడిగా పెరిగినవి కాబట్టి వంకర్లుంటాయి, అల్లికలో చిరుగులుంటాయి. గాలి మొత్తం తీసేసి, దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు నింపి, బాగా వేడిచేస్తే పరమాణువులు కదిలి చిరుగులు అతుక్కుంటాయి. వంకర్లు సాపవుతాయి. ఇనుము ఆవిరైపోతుంది. అప్పుడు కరెంటు వాటిలోంచి సాఫీగా పారుతుంది. వేడి మితిమీరితే మాత్రం పక్కపక్కనున్న గొట్టాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చివరికి పెన్సిలు ముల్లులో ఉండే సరుకైపోతాయి. గాలి తగిలితే అంతదూరం కూడా వెళ్ళక్కర్లేదు. ఐదారు వందల డిగ్రీలకే కాలి మాయమైపోతాయి.

ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఈలోగా మా స్టోర్స్ చూసే పెద్దాయన సీసా మీద చీటీ అతికించాడు. నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంది కాబట్టి ఆయన్ని అందరూ తాళాల బాబాయ్ అంటారు. ఆయనకి కొంచెం చెవుడు. నేను "నానో గొట్టాలు" అని చెబితే ఆయన "నాన్న గొట్టాలు" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. నాన్న ఆ చీటీని చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళు కాల్చిన ఇటుకల మీద బట్టీ యజమాని పేరే ఉండేదిగానీ, తన పేర ఎవరూ ఏమీ రాయలేదట. అప్పటినుంచీ ఆ సీసాని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బట్టీ స్నేహితులు ఏం పని చేస్తున్నావని అడిగితే "గొట్టాలు, నా సొంతవే" అని చెప్పేవాడు. వాళ్ళు పడిపడి నవ్వి, వీడెప్పుడూ గొట్టంగాడేనని ఏడిపించారు.

మా దగ్గర పెద్ద ఫర్నేస్ కాక, ముందుగా చిన్న నమూనా వేడిచేసి చూసుకోవడానికి చిన్న ఫర్నేస్ ఒకటి ఉంది. పడుకోబెట్టిన పింగాణీ పైపు, రెండు చివరలా మూతలు, ఒకవైపు నుంచి ఆర్గాన్ సిలిండరు. చిటికెడు పొడి చిన్న పింగాణీ గిన్నెలో వేసి లోపలికి తోశాం. నాన్న పైపు చుట్టూ ఒకసారి తిరిగి, గాలి కంత ఎటువైపుందని అడిగాడు. లేదన్నాను.

"గాలి లేకుండా ఏం కాలుతుంది మేడమ్?"

"కాలకూడదండీ. వేడెక్కాలి, అంతే."

"కాలకుండా వేడెక్కితే దాన్ని పచ్చి ఇటుకంటారు. పచ్చి ఇటుక చేతికిస్తే తాపీమేస్త్రి మొహాన కొడతాడు," అన్నాడు నాన్న.

మళ్ళీ మొదటినుంచీ చెప్పబోయాను. అంతలో డైరెక్టర్‌గారి నుంచి కబురొచ్చింది. కంపెనీ మేడమ్ రేపే వస్తోందట, గోడకి తగిలించే బోర్డులో అక్షరదోషాలు చూడాలట. వెళ్ళేటప్పుడు మూత తియ్యొద్దని చెప్పే వెళ్ళాను. నాన్న తల ఊపాడు. బట్టీలో కూడా యజమాని ఏదో ఒకటి చెప్పేవాడు, ఈయన తల ఊపేవాడు, తర్వాత ఇటుక ఏం అడిగితే అది చేసేవాడు.

నేను బోర్డు సరిచేసి తిరిగొచ్చేసరికి పైపు చివరి మూత తీసి ఉంది. ఆర్గాన్ సిలిండరు కట్టేసి ఉంది. నాన్న స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, మొహం నిండా నవ్వుతో గిన్నెని నాకేసి జరిపాడు. నల్లపొడి లేదు. గిన్నె అడుగున చిటికెలో చిటికెడు ఎర్రటి ధూళి.

"చూశావా, చూశారా మేడమ్. ఊపిరాడక కొట్టుకుంటోంది పాపం. కొంచెం గాలి చూపించానో లేదో, చకచకా అందుకుంది. నలుపు మొత్తం పోయి ఎర్రగా దిగింది."

ఇటుకకి ఎరుపంటే పరీక్ష పాసైనట్టు. నల్లగా ఉంటే కాలలేదని అర్థం. ఆ ఎరుపు గొట్టాల మొదళ్ళలో అంటుకున్న ఇనుము తుప్పని, గొట్టాలు ఒక్కటి కూడా మిగల్లేదని నాకు తెలుసు. నోరు తెరిచాను. నాన్న ఆ గిన్నెని పుట్టిన పిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. యంత్రమే చెబుతుందిలే అనుకుని ఆ ధూళిని లేజర్ పరీక్షకి తీసుకెళ్ళాను.

ఆ పరీక్షలో పొడి మీద లేజర్ వెలుతురు వేస్తే తెర మీద గీత ఒకటి నడుస్తుంది. గొట్టాలుంటే ఆ గీతలో రెండు మిట్టలు లేస్తాయి. ఒకటి గొట్టాల అల్లికది, ఇంకొకటి లోపాలది. లోపాల మిట్ట ఎంత అణిగితే పని అంత బాగా జరిగినట్టు. డైరెక్టర్‌గారు కంపెనీకి మాట ఇచ్చింది దాని గురించే. ఎర్రధూళి పెట్టేసరికి ఆ రెండు మిట్టల చోటూ ఒకేలా చదునుగా, నిద్రపోతున్నట్టు సాగిపోయింది గీత. కాగితం తీసుకుని వెళ్ళి డైరెక్టర్‌గారి ముందు పెట్టాను. ఆయన చూపుడువేలు నేరుగా లోపాల మిట్ట ఉండవలసిన చోటికి వెళ్ళి ఆగింది. అక్కడ ఏమీ లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

సున్నా అన్నారు, చాలా మెల్లగా. ప్రపంచంలో ఎవరూ సున్నా సాధించలేదన్నారు. గొట్టాల మిట్ట కూడా లేదు చూడండి సార్ అన్నాను. ఇవాళ సంతోషించే రోజు, రెండో దాని గురించి రేపు మాట్లాడుకుందామన్నారు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి, నేను అక్షరదోషాలు సరిచేసిన బోర్డు పక్కనే తగిలించారు.

మర్నాడు కంపెనీ మేడమ్ వచ్చింది. కొనుగోళ్ళు చూసే మనిషి, బల్ల మీద ఏది పెట్టినా దానికి రేటెంతో చూస్తున్నట్టుంటుంది ఆమె చూపు. డైరెక్టర్‌గారు నాన్నని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, సీనియర్ అధికారిగారి గాలి పద్ధతి అని దానికో పేరు కూడా పెట్టి, గంభీరంగా వివరించారు. మేడమ్ ఎర్రధూళిని చూసి తలాడించింది. మిగిలిన సీసా మొత్తాన్ని ఈ సాయంత్రమే పెద్ద ఫర్నేస్‌లో ఇదే పద్ధతిలో, మూతి తెరిచి ఉంచి కాలుస్తామని డైరెక్టర్‌గారు ప్రకటించారు.

పెద్ద ఫర్నేస్ లోపలి గోడలు కూడా కార్బన్‌తో చేసినవే. అంత వేడిలో గాలి తగిలితే సీసాతోపాటు ఫర్నేస్ కూడా లోపలినుంచి కాలిపోతుంది. దాంతోపాటే నా ఉద్యోగం, నాన్న ఉద్యోగం పోయి, ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. అమ్మ కాలరుకి గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా.

"సార్, ఇందులో గొట్టాలు లేవు," అన్నాను.

లోపాలు లేవని కదా పరీక్షలో తేలింది అన్నారు డైరెక్టర్‌గారు.

"లేని గొట్టాలకి లోపాలెక్కడుంటాయి సార్?"

మేడమ్ రాస్తున్న కలం ఆగింది. మరి ఏమైపోయాయని నన్ను అడిగింది. నాకు ఆ క్షణానికి తోచిన మాట ఒక్కటే. గాలిలో కలిసిపోయాయన్నాను. ఎవరైనా చనిపోతే అనే మాట అది. ఇక్కడ అది అక్షరాలా నిజం. కార్బను గాలిలో ఆక్సిజన్‌తో కలిసి వాయువైపోయింది. కానీ డైరెక్టర్‌గారు ఆ మాటని వేరే చివరినుంచి పట్టుకున్నారు. ఏ గాలిలో అని అడిగారు. చిన్న ఫర్నేస్ గది గాలిలో అన్నాను. గది కిటికీలు తీసి ఉన్నాయా అన్నారు. ఏసీ గది కాబట్టి మూసే ఉంటాయన్నాను.

"అయితే గదిలోనే ఉన్నాయన్నమాట," అని ఊపిరి పీల్చుకుని, తాళాల బాబాయ్‌ని పిలిపించారు.

ఆ వాయువు పలచబడి ఎప్పుడో తలుపు సందుల్లోంచి వెళ్ళిపోయిందనీ, ఉన్నా అది గొట్టం కాదనీ చెబుతూనే ఉన్నాను. తాళాల బాబాయ్ అప్పటికే తలుపు సందులకి టేపు అంటిస్తున్నాడు. ఆ సమయానికి నాన్న కళ్ళజోడు కోసం గదిలోకి వెళ్ళి ఉన్నాడు. బాబాయ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, కంపెనీ సరుకు కాబట్టి ఏమీ అనుకోవద్దనీ, పీల్చిన ఊపిరి లోపలే వదిలేసి బయటికి రావాలనీ బతిమాలాడు. నాన్న గదివైపు తిరిగి, గుండెల్లో ఉన్నదంతా ఊది, బుగ్గలు బిగించుకుని బయటికొచ్చాడు. తాళం వేసిన తలుపు మీద "లోపల నాన్న గొట్టాలున్నాయి, తెరవరాదు" అని చీటీ పడింది.

మేడమ్ కాసేపు ఆ చీటీ చూసి, సీసాలో మిగిలింది నా పద్ధతిలో వేడిచేసి చూపించమంది. రెండూ పోల్చి చూసి ఏది బాగుంటే అది తీసుకుంటానంది. డైరెక్టర్‌గారు అయిష్టంగానే సరేనన్నారు.

బస్సులో నాన్న నా పక్కన కూర్చోలేదు. ఖాళీ ఉన్నా నిలబడే వచ్చాడు. ఇంటికొచ్చాక అమ్మ కంచాలు పెట్టింది. నాన్న తినకుండా కంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"నేను కాల్చింది తప్పా?" అన్నాడు.

ఆయన పనిని తప్పని అన్నవాళ్ళు మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ లేరు. అమ్మ పొయ్యి దగ్గర విసుక్కునేదేగానీ, మంట విషయంలో ఆయన మాట కాదనేది కాదు.

"తప్పు నాన్నా," అన్నాను. "మట్టిని కాలిస్తే ఇటుక మిగులుతుంది. దీన్ని కాలిస్తే ఏమీ మిగలదు. ఆ ఎరుపు గొట్టాల రంగు కాదు, తుప్పు."

"నిన్ననే చెప్పకపోయావా. నలుగురిలో కుర్చీ ఎక్కేదాకా ఎందుకు ఊరుకున్నావ్?"

"ఆఫీసులో నువ్వు 'మీరు' కదా నాన్నా."

ఆయన నావైపు చూశాడు. తర్వాత అమ్మవైపు చూశాడు. అమ్మ కంచంలో కూర వేసి, గొట్టాలు పోతే పోయాయి, అన్నం చల్లారిపోతోందంది. నాన్న తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, రేపు తను ఏం చెయ్యాలని అడిగాడు. ఏమీ చెయ్యకుండా ఉండాలన్నాను. అది తనకి చేతకాని పనని ఒప్పుకున్నాడు.

నిజంగానే చేతకాలేదు. పొద్దున్నే పోల్చడానికి చిటికెడు సీసాలోనే ఉంచి, మిగతా పొడి పెద్ద ఫర్నేస్‌లో పెట్టి, పంపుతో గాలంతా లాగేసి, ఆర్గాన్ నింపి వేడి మొదలుపెట్టాను. గుండ్రటి చిన్న అద్దంలోంచి లోపలి వెలుగు కనిపిస్తుంది. మొదట ముదురు ఎరుపు, ఆ తర్వాత నారింజ. ఎరుపు రాగానే, అయిపోయింది ఆపెయ్యమన్నాడు నాన్న. ఇంకా సగం దూరం కూడా రాలేదన్నాను. కాసేపటికి ఆయన కుడిచెయ్యి తనంతట తనే వాల్వు వైపు వెళ్ళింది. చూసుకుని ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ వెళ్ళింది. చివరికి కుర్చీలో కూర్చుని ఆ చేతిని తన కిందే పెట్టుకున్నాడు. దానికి అన్నేళ్ళ అలవాటు, నా మాట వినట్లేదు అన్నాడు.

అద్దంలో వెలుగు తెల్లబడుతుండగా ఫోన్ మోగింది. డైరెక్టర్‌గారు సీనియర్ అధికారికే ఫోన్ ఇమ్మన్నారు. మీటరు ఎంతలో ఉందన్నారట. నాన్న నన్ను అడిగి చెప్పాడు. అంత ఖరీదైన యంత్రం కొన్నది సగంలో ఆపడానికి కాదు, చివరి అంకెదాకా తిప్పండి, లోపాలన్నీ చచ్చి ఊరుకుంటాయన్నారట. నాన్న రిసీవరు మీద చెయ్యి పెట్టి నన్ను చూశాడు. అంత వేడిలో గొట్టాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయని, పెన్సిలు ముల్లు అమ్ముకోవాల్సి వస్తుందని చెప్పాను. నాన్న కొంచెంసేపు ఆ వెలుగు కేసి చూశాడు.

"సార్, చాలంట. మా మేడమ్ చెప్పింది," అని పెట్టేశాడు.

ఫర్నేస్ చల్లారడానికి మర్నాటిదాకా పట్టింది. మేడమ్, డైరెక్టర్‌గారు, బాబాయ్ అందరూ నిలబడి ఉండగా తెరిచాను. లోపల నల్లటి పొడి. పెట్టినప్పుడు ఎంత నల్లగా ఉందో అంతే నల్లగా. నాన్న మొహం చూస్తే, పచ్చి ఇటుకలు దింపిన రోజున ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. మేడమ్ పాత పొడి మిగిలిన సీసా పక్కన పెట్టి రెండింటినీ వెలుతురులో తిప్పి చూసింది. అసలు వేడిచేశారా అని అడిగింది.

పరీక్ష చేశాం. ఇనుము జాడ లేదు. గొట్టాల మిట్ట నిటారుగా లేచింది. లోపాల మిట్ట బాగా అణిగి, చివరికి చిన్న బొడిపెలా మిగిలింది. నాకు గుండె నిండిపోయింది. డైరెక్టర్‌గారు ఆ బొడిపె మీద వేలు పెట్టి నిట్టూర్చారు. మొన్న సున్నా, ఇవాళ కొంచెం ఉంది, మూడు రోజుల్లో ఎంత దిగజారిపోయాం అన్నారు.

మేడమ్ తన సంచిలోంచి కంపెనీ నిబంధనలు తీసింది. రెండు సరుకులు పోల్చినప్పుడు లోపాలు తక్కువున్నదే కొనాలని అందులో ఉందట. ఆమె రెండు పరీక్షా కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలా ఇబ్బంది పడింది. చివరికి, తనకి ఈ నల్లపొడే నచ్చింది గానీ, నిబంధన ప్రకారం ఆ గదిలోదే తీసుకోవాల్సి ఉంటుందని చెప్పింది. గదిని ఎలా తరలిస్తారని బాబాయ్‌ని అడిగింది. బాబాయ్ పెద్ద సంచులు తెప్పిస్తానన్నాడు. ఖాళీ గది ముందు నా పొడి ఓడిపోవడం నేను నిలబడి చూస్తున్నాను. ఆ సంచులు కంపెనీకి చేరి, తెరిచి చూసిన రోజు మా ఇద్దరి గతి ఏమవుతుందో కూడా కనిపిస్తోంది. మాట్లాడాను. గాలి, వాయువు, ఆక్సిజన్ అన్నీ మళ్ళీ చెప్పాను. డైరెక్టర్‌గారు, గది తెరవకుండా ఖాళీ అని ఎలా నిరూపిస్తావన్నారు. తెరిస్తే సరుకు పోతుంది కదా అన్నారు.

నాన్న అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్నాడు. బాబాయ్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. సీనియర్ అధికారి అడిగితే తాళం ఇవ్వాల్సిందేనని బాబాయ్‌కి తెలుసు. ఇచ్చాడు. నాన్న కారిడార్లో నడుచుకుంటూ వెళ్ళి, టేపు చీల్చి, తలుపు తీసి లోపలికి వెళ్ళాడు. ఏం చేస్తున్నాడో మాకు అర్థమయ్యేలోపు, ఎప్పుడూ తెరవని ఆ కిటికీ రెక్కలు ఒక్కొక్కటే కిర్రుమంటూ తెరుచుకున్నాయి. బయటి గాలి రివ్వున వచ్చి మా చేతుల్లో కాగితాలు ఎగరగొట్టింది.

డైరెక్టర్‌గారు గుమ్మంలో చేతులు చాచి నిలబడిపోయారు, దేన్నో ఆపుతున్నట్టు. బాబాయ్ ఒక సంచి పట్టుకుని కిటికీ కిందికి పరుగెత్తాడు.

"పోయాయి సార్," అన్నాడు నాన్న లోపలినుంచి. "నిజానికి మొన్ననే పోయాయి. కాల్చింది నేను. మా అమ్మాయి వద్దని చెప్పింది, నేనే వినలేదు."

కంపెనీ సరుకు పోగొట్టినందుకు సీనియర్ అధికారి మీద చర్య తప్పదని డైరెక్టర్‌గారు అక్కడికక్కడే ప్రకటించారు. ఏళ్ళ అనుభవం మొత్తం రద్దు చేసి, రేపటినుంచి నా కింద సహాయకుడిగా వేస్తామన్నారు. నాన్న అలాగేనన్నాడు. మేడమ్ మొహంలో ఎంతో భారం దిగినట్టు కనిపించింది. పోల్చడానికి ఇంకోటి లేదు కాబట్టి, నిబంధన ప్రకారం ఇప్పుడు లోపాలు అన్నిటికంటే తక్కువున్నది ఈ నల్లపొడే. ఆమె ఒప్పందం కాగితాలు బయటికి తీసింది.

అయితే సరుకు మీద సీనియర్ అధికారి సంతకం కావాలట. రేపటిదాకా ఆ హోదా నాన్నదే. ఆమె వేడిచేసిన నల్లపొడి ఉన్న సీసా ఆయన చేతికిచ్చి, మీరు ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్నారు కదా, మీ మాట చాలు, సరిగ్గా కాలిందా అని అడిగింది.

నాన్న సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఎంత నల్లగా ఉందో చూశాడు. ఆ నలుపుని చూసి జీవితంలో ఎన్ని ఇటుకలు పారబోయించాడో నాకు తెలుసు.

"లేదండీ," అన్నాడు, సంతకం పెడుతూ. "ఒక్కటి కూడా కాలనివ్వలేదు మా అమ్మాయి."